జట్టు ఎవరిది?



మొన్న సాయంత్రం మా కంది దేవాలయం పక్కనున్న ఖాళీ జాగాలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కొడుకు, పన్నెండేండ్లవాడు, పసుపుపచ్చని హైదరాబాద్ ఎఫ్.సి. చొక్కా వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి ఆట ఆపి వచ్చాడు. "ఫాదర్, మన టీమ్ ఢిల్లీకి పోయింది. పేరు గూడ మార్చిన్రు. మరి ఈ అంగి నేను ఎయ్యొచ్చా, ఎయ్యొద్దా?" అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. కాని రాత్రి ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ జట్టు 2019లో పుట్టింది. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్‌లో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. తరువాత డబ్బు ఇబ్బందులు వచ్చాయి, యజమానులు మారారు. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కాగితాల ప్రకారం అది అదే క్లబ్బు. కాని ఆ పిల్లవాని మనసు ఒప్పుకోవడం లేదు. ఎవరిది నిజం?

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకొక పాత చిక్కుప్రశ్న చెప్పేవారు. ఏథెన్సు ప్రజలు తమ వీరుడు థీసియస్ ప్రయాణించిన ఓడను తరతరాలుగా కాపాడుకున్నారట. చెక్క పుచ్చినప్పుడల్లా పాతది తీసి కొత్తది బిగించారట. చివరకు పాత చెక్క ఒక్కటీ మిగలకపోతే అది ఆ ఓడేనా, వేరే ఓడా? ప్లూటార్క్ వ్రాసిపెట్టిన ఈ ప్రశ్నకు నేను పరీక్షలో ఏదో జవాబు వ్రాశాను, మార్కులూ వచ్చాయి. అసలు జవాబు మాత్రం మన హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో దొరుకుతుందని ఇప్పుడనిపిస్తున్నది.

పెద్దవారికి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గుర్తుండే ఉంటుంది. దానికి శిక్షణ ఇచ్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు, వృత్తిరీత్యా బడి పంతులు. ఆ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్‌లో మోహన్ బగాన్ మీద రెండు గోల్స్ వెనుకబడి, సమం చేసి, తిరిగి ఆడించిన ఆటలో నెగ్గింది. రహీం గారి శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962లో క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆయన జకార్తా ఆసియా క్రీడలలో జట్టుకు స్వర్ణం అందించి, మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు.

కాలక్రమంలో ఆ సిటీ పోలీస్ జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. పేరు మారింది, ఆటగాళ్ళు మారారు. అయినా 1961లో అది మళ్ళీ డ్యూరాండ్ గెలిచినప్పుడు, ఇది వేరే జట్టు అని ఎవరికీ అనిపించలేదు. ఎందుకంటే రహీం గారు పిల్లలకు బలహీనమైన కాలుతోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. అలా నేర్చినవారు తమ తరువాతివారికి నేర్పారు. చెక్కలు మారాయి గాని, బిగించే చేతి పనితనం ఒకరి నుండి ఒకరికి అందింది. ఆయన పోయాక ఆ అందించడం సన్నగిల్లింది. జట్టు ఏ ఊరికీ తరలిపోలేదు, అయినా వైభవం పోయింది. కనుక ఊరు మారకపోతే చాలుననుకోవడమూ పొరపాటే.

మన దేశానికి ఈ ఆటను తెచ్చిన బ్రిటిష్ సైనికులే మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపానికీ తీసుకువెళ్ళారు. అక్కడ ప్రతి పట్టణానికీ ఒక పాలక పునీతుని పండుగ, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంటాయి. కొస్పికువా అనే చిన్న ఓడరేవు పట్టణంలో పునీత జార్జి పేరుతో ఉన్న క్లబ్బు 1890 నాటిది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు ఆ ఊరు శిథిలమైంది, జనం చెదిరిపోయారు. క్లబ్బు మాత్రం నేటికీ ఉంది. పెద్ద కప్పుల కోసమే ఆ ఊరు దాన్ని అంటిపెట్టుకోలేదు. తాతలు ఆడారు, మనుమలు ఆడాలి, అంతే.

మరి మన సంగతి? కప్పు గెలిచిన నాడు పసుపు చొక్కాలు వేసుకున్న మనం, ఓడిన రోజుల్లో గచ్చిబౌలి స్టేడియానికి ఎందరం వెళ్ళాం? యజమానిని తప్పుపట్టడం సులువు. ప్రేమకు కొనుగోలు పత్రం ఉండదు, నిజమే. కాని వదిలేసినదాన్ని మనదని చెప్పుకోవడం ఎట్లా?

ఈ మాట మొదట నాకే తగులుతుంది. ఐ.ఐ.టి. వచ్చిన తరువాత కందిలో భూమి ధర పెరిగింది. పిల్లలు ఆడుకునే ఆ జాగాలో దుకాణాల గదులు కట్టి అద్దెకిద్దామని విచారణ సంఘంలో ప్రతిపాదన వచ్చినప్పుడు, ముందుగా తల ఊపింది నేనే. ఆలోచన చెడ్డదేమీ కాదు. ఆ అద్దెతో పేద పిల్లల ఫీజులు కట్టవచ్చు. జాగా మనదే, కాగితాలూ మన దగ్గరే ఉన్నాయి. కాని అక్కడ ఆడుకునే పిల్లలను నేను ఒక్కమాట అడగలేదు. ఢిల్లీకి జట్టును తరలించినవారికీ నాకూ తేడా ఎంత?

మరునాడు ఆ బాబును పిలిచి, "అంగి వేసుకో నాయనా. నువ్వు చప్పట్లు కొట్టిన జట్టు నీదే. అయితే నీకంటే చిన్నవాడికి ఎడమకాలితో తన్నడం నేర్పు" అన్నాను. "జాగా ఉంటదా ఫాదర్?" అన్నాడు. వాడి దాకా కూడా వార్త చేరిందన్నమాట.

వచ్చే ఆదివారం పూజ తరువాత సంఘం మళ్ళీ కూర్చుంటున్నది. ఈసారి పిల్లలను కూడా రమ్మన్నాను. ఫీజులకు వేరే దారి దొరుకుతుందో లేదో తెలియదు. ముందు వారి మాట వింటాను. మీ ఊరిలోనూ అలాంటి జాగా ఒకటి ఉంటే, అమ్మకముందే, కట్టకముందే, అక్కడ ఆడుకునేవారిని ఒక్కమాట అడగండి.