పక్కింటి తలుపు తట్టే నెల

ధనుర్మాసం ముగింపుకొచ్చింది. రెండు మూడు రోజుల్లో కూడారై, ఆ వెంటనే భోగి. సంగారెడ్డి జిల్లాలో చలి మాత్రం తగ్గలేదు. కోహీర్‌లో 5, 6 డిగ్రీలకు పడిపోయే రాత్రులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. పటాన్‌చెరు రోడ్ల మీద పొద్దున పొగమంచు, దానికి తోడు కంపెనీల పొగ. ఈ చలికి జడిసి చాలామంది భక్తులు అలవాటు చేసుకున్న పని ఒకటి నాకు నచ్చడం లేదు. ముసుగు తీయకుండానే ఫోన్ అందుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ రోజు తిరుప్పావై పాశురం వినేసి వ్రతం అయిపోయిందనుకుంటున్నారు. ముసలివాళ్లకు, మంచాన పడ్డవాళ్లకు అదే ఆధారం, కాదనను. కాళ్లూ చేతులూ ఆడేవాళ్లకు అది చాలదు.

ఆ తిరుప్పావై పాడిన గోదమ్మ ఏం చేసిందో మనకు తెలియనిది కాదు. స్వామిని చూడాలన్న ఆత్రం ఆమెకన్నా ఎవరికుంది? అయినా ఒక్కతే పోలేదు. ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా ఒక్కో వాకిట ఆగింది. పిలిచింది, దెప్పింది, బతిమాలింది, లోపలి పిల్ల లేచి వచ్చేదాకా కదల్లేదు. నెయ్యి తినం, పాలు తాగం అని నియమం పట్టిన వాళ్లే 27వ పాశురానికి, అంటే కూడారై నాటికి వచ్చేసరికి మోచేతి దాకా నెయ్యి కారే పాయసాన్నం అడిగారు. ఆ ముద్ద కూడా అందరూ కలిసి కూర్చుంటేనే.

ఆ కలివిడితనం ఇప్పుడు ఎక్కడుందంటే, ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ బండి దగ్గర ఉంది. తెల్లవారాక రాత్రి షిఫ్టు దిగినవాళ్ల బస్సులు అక్కడ ఆగుతాయి. మంకీ క్యాపులు, మెడకు తువ్వాళ్లు. గ్లాసు అందుకోగానే తాగరు. రెండు అరచేతుల మధ్య పట్టుకుని, చెంపకు ఆనించి, ఆ వేడి కాస్త ఒంటికి పట్టాక అప్పుడు గుటక వేస్తారు. పక్కన చలిమంట. దాని దగ్గరికి ఉత్త చేతులతో వచ్చేవాళ్లు తక్కువ. దారిలో దొరికిన పుల్లో, అట్టముక్కో తెచ్చి మంటలో వేసి కూర్చుంటారు. ఒడిశా నుంచి వచ్చినవాడో, బిహార్ నుంచి వచ్చినవాడో వెనకాల నిలబడితే ‘భయ్యా, ఇధర్ ఆవో’ అని జరిగి చోటిస్తారు. గోదమ్మ వ్రతం వీళ్లకు ఎవరూ నేర్పలేదు. అయినా చేస్తున్నారు.

అదే గుణం ఇంకోచోట చూడాలంటే జహీరాబాద్ వైపు చేలకు వెళ్లి చూడండి. నల్లరేగడిలో జొన్న, శనగ, కుసుమ ఈ చలికాలంలో నీళ్లు పెట్టకుండానే ఎదుగుతాయి. వానలు నేలలో వదిలిపోయిన తేమ, తెల్లవారుజామున కురిసే మంచు, వాటికి అవే చాలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు వీటిని సత్యం పంటలంటారు. ఒకే చేనులో ఎన్నో రకాలు కలిపి వేస్తారు. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి ఇల్లు నిలబెడుతుందని వాళ్ల ధీమా. సంక్రాంతి వచ్చేసరికి ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద పేర్చి పాతపంటల జాతర జరుపుతారు. నెల రోజులు ఊరూరా తిరుగుతారు. తమ గింజ తమ గాదెలో భద్రంగా ఉంటే చాలనుకోలేదు వాళ్లు.

ఈసారి చలి కొన్ని ఇళ్లలో జనవరితో పోయేది కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు పోయారు. వారిలో చాలామంది పొట్టకూటి కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారే. ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారికి దూరం నుంచి ధైర్యం చెప్పి ఊరుకుంటే సరిపోదు. పండుగ పూట గుమ్మం ముందు నిలబడి పేరు పెట్టి పిలిచే మనిషి కావాలి. రేపటి మీద ఆశ అలా పిలిచినప్పుడే కలుగుతుంది. భగవంతుడు ఆ పని మన చేతనే చేయిస్తాడు.

ఆలయ కమిటీల పెద్దలకు ఒక విన్నపం. చాలా గుళ్లలో తెల్లవారకముందే సేవ మొదలై, కాస్త వెలుగొచ్చేసరికి గంగాళం ఖాళీ అవుతుంది. రాత్రి షిఫ్టు దిగేవాళ్లు వచ్చేది ఆ తర్వాతే. కూడారై నాడు వాళ్ల వాటా చక్కెర పొంగలి మూత పెట్టి పక్కన ఉంచండి. అద్దె గదుల్లో ఉన్నవాళ్లకు ముందురోజే కబురు పంపండి. గుడికి రాలేనివాళ్లకు దొన్నెలో పెట్టి మనమే తీసుకెళదాం. పక్కగదిలో ఉంటున్నది ఎవరో కనుక్కోకుండానే ఈ నెల దాటిపోతే, ముప్పై పాశురాలూ నోటికి వచ్చినా గోదమ్మ పెట్టిన పనిలో మూడో వంతు మనం ముట్టుకోనట్టే.