కొండ మీద పరుగు విలాసమా?

వేకువనే కొండ యెక్కి పరుగెత్తడం తీరిక గలవాళ్ళ విలాసమనీ, శ్రమజీవికి శ్రమే వ్యాయామమనీ మనలో కొందరు మిత్రులు అంటూ వుంటారు. పైకి ఈ మాట వర్గచైతన్యంలా కనిపిస్తుంది. లోపల వున్నది పాత జమీందారీ న్యాయమే: కూలివాడి వొళ్ళు కూలికే!

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారే గండికోటను తీసుకొందాం. చైత్రమాసంలో తెల్లవారుజామున అక్కడి గాలి చల్లగానే వుంటుంది. పొద్దెక్కేసరికి బండ అరికాళ్ళను కాలుస్తుంది. ఒక్కొక్కనాడు వున్నట్టుండి మబ్బు కమ్ముతుంది, ఉరుములూ పిడుగులూను. ఆ సమయానికి కొండ మీద ఇద్దరున్నారనుకొందాం: పరుగుకు వచ్చిన జమ్మలమడుగు విద్యార్థి, గొర్రెలను తోలుకొచ్చిన కాపరి. ఉరిమితే విద్యార్థి దిగిపోతాడు. కాపరి దిగలేడు, మంద చెదిరితే అతని బ్రతుకు చెదురుతుంది. ఇద్దరూ యెక్కిన యెత్తు ఒకటే, కార్చిన చెమటా ఒకటే. తేడా అంతా ఆగిపోగల స్వేచ్ఛలో వున్నది. కష్టానికి దానంతట దానికే నైతికమైన విలువ వున్నదనేవారు ఈ తేడాను మరుగుపరుస్తారు. కష్టేఫలి అని ఆ కాపరికి చెప్పి చూడండి!

ప్రొద్దుటూరులోనూ పులివెందులలోనూ చీకటితో లేచి పరుగెత్తే యువకులలో కానిస్టేబులు పరీక్షకు తయారయ్యేవాళ్ళున్నారు. పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాలలో ముగించాలి. అది ఆట కాదు. నిరుద్యోగం గడియారం పట్టుకొని వెంటబడడం.

అయితే విద్యార్థి పరుగు నేరమా? కొండల పరుగు ప్రజల ఆటగా పెరిగిన ఇంగ్లండులో 1932 సంవత్సరం గమనించదగినది. ఆ యేడు జూన్‌లో కెజిక్ పట్టణంలో అతిథిగృహం నడిపే బాబ్ గ్రాహం 24 గంటలలోపు 42 శిఖరాలు చుట్టివచ్చాడు. అంతకు ముందు, ఏప్రిల్ 24న, మాంచెస్టరు ప్రాంతపు యువ కార్మికులు వందలాదిగా కిండర్ స్కౌట్ కొండ యెక్కారు. భూస్వాములు పక్షుల వేట కోసం మూసివేసిన కొండ అది. నాయకుడు బెన్నీ రాత్‌మన్ ఇరవయ్యేళ్ళ కమ్యూనిస్టు. ఐదుగురు జైలుకు పోయారు. అతనికి నాలుగు నెలలు. ఇటువంటి కొండల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు చట్టమయ్యేసరికి 2000 సంవత్సరం వచ్చింది. ఆదివారపు షికారు కోసం జైలా అని మన మిత్రులు నవ్వుతారేమో! వారమంతా యంత్రానికి అమ్ముడుపోయిన దేహాన్ని ఒక్క పూట తమ కోసం వుంచుకొంటామన్నారు వాళ్ళు. ఆ కోరికలో విలాసమేమున్నది? వాస్‌డేల్ లోయలో గొర్రెలు పెంచే జాస్ నేలర్ 1975లో ఒక దినంలోపల 72 శిఖరాలు తిరిగాడు. కాపరీ పరుగరీ ఒక్క మనిషిలో వుండవచ్చును.

గండికోట కొండకు వేటకాపలా లేదు. ఐనా ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనిలో దినమంతా వంగి రాయి తీసినవాడికి మరునాటి వేకువ మిగలదు. పనిగంటల గురించి తీర్మానాలు చేసేవారు ఆ వేకువను కూడా లెక్కలో వేయాలి. ఇక ఆడపిల్లల సంగతి. వాళ్ళు కొండదాకా పోనక్కర లేదు, వీధి మలుపులోనే నాలుగు నోళ్ళు అడ్డం నిలుస్తాయి; ఆ నోళ్ళలో కొన్ని అభ్యుదయ సభలలో ముందు వరుసన కూర్చునేవే.