‘వెల: అమూల్యం’ – ఉచిత పరిమిత ప్రతులు, సేకర్త ధర్మం

తెలుగు పుస్తకం శీర్షిక పుట వెనుక ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల సాధారణంగా కనిపిస్తాయి. పంచిపెట్టడానికే అచ్చువేసిన పుస్తకాల్లో వెల ఉండవలసిన చోట చాలాసార్లు ‘అమూల్యం’ అని ఉంటుంది. వెల లేనిది, వెల కట్టలేనిది అనే రెండర్థాలూ ఆ మాటకు ఉన్నాయి. అచ్చువేయించినవారు మొదటి అర్థంలో వాడిన మాటను సేకర్త రెండో అర్థంలో చదువుకుంటాడు. షష్టిపూర్తికో పెద్దకర్మకో 500 ప్రతులు వేయించి బంధుమిత్రులకు పంచిన శతకం కొన్నేళ్లకు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద తేలుతుంది. అక్కడ దానికి వెల ఏర్పడుతుంది. ఆ వెల న్యాయమైనదేనా అన్నదే సేకర్తల మధ్య తెగని వాదం. ఇందులో అంగడికి సంబంధించిన భాగం స్వల్పం. ఇచ్చినవాని ఉద్దేశానికి పుచ్చుకున్నవాడు ఎంతవరకు కట్టుబడాలి, అతని తర్వాత చేజిక్కించుకున్నవాడు ఎంతవరకు కట్టుబడాలి అన్నది అసలు ప్రశ్న.

ఉచిత ప్రతికి విలువ లేదనేవారి వాదం సూటిగా ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న పాఠకుడు ఒక నిర్ణయం చేసినట్టు. చేతిలో పెట్టగా పుచ్చుకున్నవాడు ఏ నిర్ణయమూ చేయలేదు. కనుక ఉచిత పుస్తకం పాఠకుల పరీక్షకు నిలవలేదని వీరు అంటారు. ఈ వాదం కొనడాన్నీ చదవడాన్నీ ఒకటిగా భావిస్తుంది. గ్రంథాలయాల కొనుగోలును నమ్ముకొని అచ్చయి, అక్కడి బీరువాల్లోనే ఉండిపోయిన వెల గల పుస్తకాలు తెలుగులో తక్కువేమీ కావు. వాటికి జరిగిన పరీక్ష ఏమిటో ఈ వాదం చెప్పదు. వారపత్రికల ధారావాహికలను చింపి, వరుసగా పేర్చి, కుట్టించి దాచుకున్న ఇళ్లు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. ఆ కుట్టుప్రతులకు ముద్రణ వివరమూ లేదు, వెలా లేదు. వాటిని మించిన పాఠకామోదం మరొకటి చూపడం కష్టం.

ఎదుటి పక్షం అరుదుదనాన్ని ముందుకు తెస్తుంది. తొలి తెలుగు అచ్చు పుస్తకాలే దీనికి మంచి ఉదాహరణ. బెంజమిన్ షుల్జ్ 1746-47 ప్రాంతంలో జర్మనీలోని హాలే నగరంలో అచ్చువేయించిన చిన్న తెలుగు పుస్తకాలు మతప్రచారానికి ఉద్దేశించినవి. ప్రచారం కోసం పుట్టిన ఆ పుస్తకాలు ఈనాడు తెలుగు ముద్రణ చరిత్రకే ఆది పుటలు. పంచిన పుస్తకం నశించడంలో వింత లేదు. సులభంగా వచ్చినదాన్ని భద్రపరచాలన్న తలంపు ఎవరికీ కలగదు. అందరికీ చేరాలనుకున్న పుస్తకమే చివరికి కొందరికి మాత్రమే దక్కేదిగా మారుతుంది. అయితే అరుదుదనం ఒక సంఖ్య మాత్రమే. ఒక్క ప్రతే మిగిలిన పనికిమాలిన పుస్తకాలూ ఉంటాయి. పైగా ‘సాదరంగా’ అని రచయిత సంతకం చేసి ఇచ్చిన ప్రతికి సేకర్తలు ఎక్కువ వెల ఇస్తారు. ఆ ప్రతి కాలిబాటకు చేరిందంటే ఆదరంగా పుచ్చుకున్నవారో వారి వారసులో దాన్ని వదిలించుకున్నారనే అర్థం.

ఈ వాదం రాజధానిలోని పాత పుస్తకాల చుట్టూ తిరుగుతున్నంతకాలం ఒక రుచిభేదంగానే కనిపిస్తుంది. దాన్ని నారాయణఖేడ్ వంటి ఊరి నుంచి చూస్తే స్వరూపం మారుతుంది. ఈనాటి సంగారెడ్డి జిల్లాలోని ఈ పట్టణం 1956 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ వరకు బీదరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ వినిపించే సరిహద్దు సీమ. పెద్ద నగరపు పుస్తక విపణికి దూరంగా ఉన్న ఇటువంటి చోట్ల పుస్తకం ఇంట్లోకి వచ్చే తోవలు వేరు. ప్రభుత్వ పాఠశాలలో ఉచితంగా ఇచ్చే పాఠ్యపుస్తకం, దుకాణదారు తన పేరు అచ్చువేయించి ఇచ్చే పంచాంగం, చనిపోయినవారి స్మృత్యర్థం పంచే విష్ణుసహస్రనామం, ఎన్నికలప్పుడు వచ్చే కరపత్రం – వీటిలో కొనుగోలు అనే క్రియే లేదు. నగర సేకర్తకు వింత వస్తువైన ఉచిత ప్రతి ఇక్కడి చాలా ఇళ్లలో ఉన్న మొత్తం గ్రంథాలయం. దానికి విలువ ఉందా అని ఇక్కడ అడగడం అక్షరానికి విలువ ఉందా అని అడగడమే.

ఈ సీమకు మరొక ప్రత్యేకత ఉంది. పరిశోధకులకు అది నేరుగా పట్టే విషయం. బ్రిటిషు ఇండియాలో 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం కింద ప్రతి పుస్తకం పేరు, ప్రతుల సంఖ్య, వెల వంటి వివరాలు జాబితాలకెక్కాయి. మద్రాసు రాజధానిలో అచ్చయిన చిన్న పుస్తకం సైతం, ప్రతి నశించినా, పేరుగా మిగిలే అవకాశం ఉంది. నిజాం రాజ్యం ఆ చట్టం పరిధిలో లేదు. 1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర జన సంఘం వెట్టిచాకిరి, వర్తకుల హక్కులు వంటి విషయాలపై చిన్న పుస్తకాలు వెలువరించింది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగిన జోగిపేట ఈ ప్రాంతానిదే. అటువంటి ఉద్యమ సాహిత్యం లాభం కోసం అచ్చయినది కాదు. చేతులు మారి, నలిగి, చిరిగి పోవడమే దాని పని. అందులో ఒక ప్రతి ఇప్పుడు ఎవరి పెట్టెలోనైనా ఉంటే, అది కొన్ని సందర్భాల్లో ఏకైక సాక్ష్యం. ఆ పెట్టె మూసి ఉండడం వల్ల కలిగే నష్టాన్ని ఏ జాబితా పూరించలేదు.

ఇక్కడ పరిమితిలోని రెండు రకాలను విడదీయవలసి ఉంది. సేకర్తల వాదం ఎక్కువగా తడబడేది ఈ చోటనే. మొదటిది లేమి వల్ల వచ్చిన పరిమితి: చేతిలో ఉన్న డబ్బుకు 300 ప్రతులే వచ్చాయి, మరింత ఉంటే మరిన్ని పంచేవారే. రెండోది కోరి పెట్టుకున్న పరిమితి: ముందుగా నమోదు చేసుకున్నవారికే రచయిత సంతకంతో ప్రతి, కొద్దిమందికే కానుకగా అనుబంధ పుస్తకం. దీనిలో కొరతే ఆకర్షణ. పత్రికతో ‘ఉచితంగా’ వచ్చే అనుబంధ నవల ఈ రెంటికీ నడుమ ఉంటుంది. దాని వెల పత్రిక వెలలోనే కలిసి ఉందన్న సంగతి చందాదారుకు తెలియనిది కాదు. రెండో రకం ప్రతిని ఎంతకు అమ్ముకున్నా ఇచ్చినవాని పట్ల ద్రోహమేమీ లేదు. ఇచ్చినవాడు మొదటినుంచీ బేరంలోనే ఉన్నాడు. మొదటి రకం విషయంలో ఆ మాట చెల్లదు.

దానం గురించిన పాత చింతన ఇక్కడ ఉపకరిస్తుంది. దేవగిరి యాదవుల కాలంలో, 13వ శతాబ్దిలో, హేమాద్రి రచించిన చతుర్వర్గచింతామణిలోని దానఖండం విద్యాదానాన్ని వివరిస్తుంది. గ్రంథాన్ని రాయించి, పూజించి, ఊరేగించి, దేవాలయానికో మఠానికో సమర్పించే విధి అందులోది. అక్కడ గ్రంథాన్ని చదివి వినిపించడం కూడా ఆ పుణ్యంలో భాగం. వస్తువు చేయి మారడంతో దానం పూర్తికాలేదు. మార్సెల్ మోస్ 1925లో దానంపై రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలను చెప్పాడు. పుస్తకం విషయంలో మూడో బాధ్యత ఇచ్చినవాని వైపు తిరగదు. మరో చదువరి వైపు తిరుగుతుంది. స్మృత్యర్థం పుస్తకం పంచిన కుటుంబానికి ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వరు.

ఈ దృష్టితో చూస్తే సేకర్త అమ్మడం వల్ల తప్పు చేస్తున్నాడన్న ఆక్షేపణ నిలవదు. చెదల నుంచి, తూకానికి అమ్ముడుపోవడం నుంచి ప్రతిని కాపాడింది అతని శ్రమే. కాగితానికి, కట్టుకు, సంతకానికి అతను వెల కోరవచ్చు. తప్పు మరొకచోట ఉంది. ప్రతిబింబం తీయనిస్తే వెల పడిపోతుందని చదవడానికే నిరాకరించడం అటువంటిది. లేమి వల్ల పరిమితమైన ప్రతిని కోరి పరిమితం చేసిన ప్రతిగా మార్చడం అంటే ఇదే. ప్రతిబింబంలో కాగితం వాసన, పక్కపుటల రాతలు పూర్తిగా రావన్న సేకర్తల మాట నిజమే. కాని వెట్టికి వ్యతిరేకంగా అచ్చువేసిన చిన్న పుస్తకం తన కాగితం కోసం పుట్టలేదు.

ఒక చిక్కు మాత్రం తీరకుండా ఉంది. ప్రతిని దానం చేయడం రచనపై హక్కును దానం చేయడం కాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు వారసులది. ఉచితంగా పంచిన పుస్తకమైనా, ఇటీవలి రచన అయితే, వారసుల అనుమతి లేకుండా అందరికీ తెరవడం కుదరదు. స్మృతిసంచికల్లోని కుటుంబ వివరాలు, ఛాయాచిత్రాలు వందమంది బంధువుల కోసం అచ్చువేసినవి. అపరిచితులందరి కోసం కాదు. అందువల్ల ‘అందరికీ తెరవాలి’ అనే సూత్రం ఉద్యమ సాహిత్యానికి వర్తించినంత నిర్ద్వంద్వంగా వీటికి వర్తించదు. కనీసం పుస్తకం ఉందన్న సమాచారాన్ని, చదవడానికి వచ్చినవారికి ఒక అవకాశాన్ని నిరాకరించకుండా ఉండడం సేకర్తకు సాధ్యమే.

విశ్వవిద్యాలయ గ్రంథసూచుల్లో ఈ ప్రతుల నమోదు తీరు కూడా మారవలసి ఉంది. ‘వెల లేదు’ అని రాసి ముగించే బదులు, ఎవరు, ఏ సందర్భంలో, ఎన్ని ప్రతులు, ఎవరికి పంచారో పుస్తకంలో ఉన్నంతవరకు నమోదు చేయాలి. చేతిరాత అంకితాలను, దుకాణం ముద్రలను, పాఠశాల ముద్రలను మరకలుగా వదిలేయకూడదు. నారాయణఖేడ్‌లో ఒక దుకాణం పేరుతో వచ్చిన పంచాంగంలో తిథులు ఏడాదితో కాలం చెల్లుతాయి. అట్టమీది దుకాణం పేరు, దాన్ని ఏ లిపిలో అచ్చువేయించారన్న సంగతి మాత్రం ఆ సరిహద్దు పట్టణపు భాషల చరిత్రకు ఆధారంగా ఉండిపోతాయి.