గడ్డిపోచకు ఒదిగిన పాదాలు

వానాకాలం వస్తే స్వాములు చాతుర్మాస్య దీక్ష పూని ఒకేచోట ఎందుకు ఉండిపోతారు? తొలకరికి నేలంతా పచ్చిక మొలుస్తుంది. దాని మొదళ్లలో లెక్కలేనన్ని ప్రాణులు పుడతాయి. వాటిని తొక్కకూడదని ఆ నియమం.

బౌద్ధుల వినయపిటకంలోనూ ఈ సంగతి ఉంది. మొదట్లో భిక్షువులు అన్ని కాలాల్లోనూ తిరిగేవారు. పచ్చగడ్డి నలిగిపోతోందని, చిన్న జీవాలు చస్తున్నాయని జనం నొచ్చుకున్నారు. వానల్లో పక్షులైనా గూడు కట్టుకుని కుదురుగా ఉంటాయి కదా అన్నారు. ఆ మాట విని బుద్ధుడు మూడు నెలల వర్షావాసం విధించాడు. గడ్డి తరఫున మాట్లాడింది మామూలు జనం, తలవంచి విన్నది తథాగతుడు. ధర్మం ఇలా కూడా పుడుతుందని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అలాంటి భిక్షువులు శతాబ్దాల పాటు మసలిన కొండ మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. గార మండలంలో, వంశధార ఒడ్డున శాలిహుండం. వాళ్లు వెళ్లిపోయాక స్తూపాలనూ చైత్యాలనూ మట్టీ గడ్డీ కప్పేశాయి. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించే దాకా ఆ ఇటుకలను దాచిపెట్టింది ఆ పచ్చికే.

అక్కడికి కారులో వెళ్లకండి. ఆమదాలవలసలో రైలు దిగితే శ్రీకాకుళానికి బస్సులుంటాయి. అక్కడి నుంచి కళింగపట్నం వైపు మరో బస్సు. చివరి దారి మాత్రం కాళ్లకే వదిలిపెట్టాలి. కారు మనల్ని మెట్ల దగ్గర దింపుతుంది కానీ, ఆ మెట్ల దాకా ఉన్న నేలను చూడనివ్వదు.

తొలకరిలో వెళితే ఒకచోట గొంతుక్కూర్చుని గరికను చూడండి. నేల మీద పాకే తీగకు కణుపు కణుపునా వేరు. పశువులు కొరికినా, మనం తొక్కినా మళ్లీ ఆ కణుపు నుంచే చిగురిస్తుంది. వినాయకుడికి మనం అర్పించేది ఈ మొండి ప్రాణాన్నే. దాని పక్కనే మఖ్మలు ముక్కలా ఎర్రగా ఆరుద్ర పురుగు నడుస్తుంటుంది. వేలు తగిలితే కాళ్లు ముడుచుకుంటుంది. అది కనిపించాక మన అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది. కొండ పైకి వెళితే దూరాన వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోటు కనబడుతుంది.

గడ్డికి నేలను తిరిగిచ్చిన చోటు దూరదేశంలోనూ ఒకటుంది. అమెరికాలో షికాగోకు దక్షిణాన, జోలియట్ దగ్గర మందుగుండు తయారుచేసిన నేలను 1996లో మిడెవిన్ పేరుతో గడ్డిమైదానానికి కేటాయించారు. ఆ ప్రాంతపు గడ్డి విత్తనాలు చల్లి పెంచుతున్నారు. 2015లో బైసన్ అనే అడవిదున్నల మందనూ తెచ్చి వదిలారు. జనం అక్కడ నడవడానికి వెళతారు. బాంబులు చేసిన చోట గడ్డి నాటడాన్ని నేను ప్రాయశ్చిత్తమనే అంటాను. మన ఊళ్లలో పశువుల బయళ్లను ప్లాట్లు వేసేవాళ్లు ఒక్కసారి ఆగి ఆలోచించాలి. ఇంద్రుడి యాగం మానిపించి, ఆవులకు మేతనిచ్చే గోవర్ధనాన్ని పూజించమన్న కృష్ణుడిని కొలిచే జాతి మనది.

గార మండలంలోనే శ్రీకూర్మం కూడా ఉంది. 1510 ప్రాంతంలో చైతన్య మహాప్రభువు పూరీ నుంచి దక్షిణయాత్రకు నడిచి వస్తూ కూర్మనాథుడిని దర్శించుకున్నాడు. శిక్షాష్టకంలో ఆయన భక్తుడికి చెప్పిన తొలి యోగ్యత గడ్డిపోచకన్నా తగ్గి ఉండటం. అన్ని వందల మైళ్లు కాలినడకన తిరిగిన మనిషి గడ్డిని ఊరికే గురువుగా ఎంచుకున్నాడనుకోను. రోజంతా పాదాల కింద ఉండి ఓర్చుకున్నది అదే కదా.

శాలిహుండం నుంచి దిగాక, పొద్దుంటే శ్రీకూర్మం వెళ్లండి. ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. అడవిలో అయితే పచ్చికబయళ్లూ పొదలూ వాటి ఇల్లు. గోంగూర ఇష్టంగా తింటాయి. శ్రీకాకుళంలో బస్సెక్కే ముందే ఒక కట్ట కొని సంచిలో పెట్టుకోండి.