నిర్బంధ విద్యయు గృహవిద్యయు

బిడ్డకు చదువు చెప్పించుట ఎవరి ధర్మము? తల్లిదండ్రులదా, ప్రభుత్వముదా? ఈ ప్రశ్న ఏనాడో తీర్మానమైనదని మనలో పెక్కుర యభిప్రాయము. 2002లో జరిగిన 86వ సవరణ చేత మన రాజ్యాంగము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బిడ్డకును విద్యను ప్రాథమిక హక్కుగా నొసగినది. దాని ననుసరించి 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. అయినను నేడు చదువుకొన్న కుటుంబములలోనే, సంస్కారాభిమానులైన గృహస్థులలోనే, ఒక క్రొత్త సందేహము పుట్టినది. బడి మా బిడ్డకు మేలు చేయుచున్నదా? చేయనిచో ఇంటనే యుంచుకొని మేమే చదువు చెప్పుకొనరాదా? అని వారడుగుచున్నారు. ఇట్లడుగువారిని మూఢులని త్రోసివేయుట న్యాయము కాదు. వారి ప్రశ్నలో సత్యమున్నది. ఆ సత్యము ఎంతదూరము పోవునో, ఎచ్చట నిలిచిపోవునో విచారించుటయే మా యుద్దేశము.

మొదట బడిపై వారు మోపు నేరములను వినుదము. ఒక గదిలో నలుబదిమంది పిల్లలు. అందరికిని ఒకే పుస్తకము, ఒకే గంట, ఒకే పరీక్ష. లెక్కలలో ముందు నడువగలవాడు వెనుకవారి కొరకు నిలువవలెను. చదువులో నెమ్మదిగా నడుచువాడు పరుగిడలేక సిగ్గుపడవలెను. ప్రశ్న అడుగుట అల్లరిగను, వల్లించుట వినయముగను ఎంచబడును. నిర్బంధ విద్య పుట్టుకలోనే ఈ దోషమున్నదని కూడ వారందురు. ప్రష్యా రాజైన రెండవ ఫ్రెడరికు 1763లో తన రాజ్యమంతటికిని పాఠశాలా నిబంధనలను విధించినపుడు ఆయన కోరినవి అక్షరములు మాత్రమే కావు. విధేయులైన ప్రజలును ఆయనకు కావలసియుండిరి. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్టు మిల్లు 1859లో ప్రకటించిన స్వాతంత్ర్య విషయక గ్రంథమున ఈ సంగతినే విమర్శించెను. ప్రతి బిడ్డకును విద్య కలుగవలెనని ప్రభుత్వము శాసింపవచ్చును. బీదవారికి ధనసహాయమును చేయవచ్చును. గాని చదువు చెప్పు పనినంతను తన చేతిలోనికి తీసికొన్నచో ప్రజలందరును ఒకే మూసలో పోసిన బొమ్మలగుదురని ఆయన వాదము. ఇది తేలికగా కొట్టివేయదగినది కాదు.

నాగరిక దేశములైనను ఈ విషయమున ఏకాభిప్రాయముతో లేవు. ఇంగ్లాండులో 1944 నాటి శాసనము బిడ్డకు తగిన విద్య కలుగవలెనని చెప్పినదే గాని అది బడిలోనే కలుగవలెనని చెప్పలేదు. అమెరికాలో రాష్ట్రములన్నిటను గృహవిద్య నేడు చట్టసమ్మతము. జర్మనీలో మాత్రము అది సాధారణముగా నిషిద్ధము. అచ్చటి తల్లిదండ్రులు కొందరు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు పోగా, 2006లో ఆ న్యాయస్థానము జర్మనీ పక్షముననే నిలిచినది.

మన శాసనము సంగతి యేమి? నిర్బంధ విద్య యను మాట వినగానే రాజభటుడు వచ్చి బిడ్డను లాగుకొనిపోవునట్లు కొందరు భావింతురు. మన చట్టము 8వ సెక్షనులో నిర్బంధమను మాటకు చెప్పిన యర్థము వేరు. బడిని కల్పించుట, బిడ్డను చేర్చుకొనుట, హాజరును, ప్రాథమిక విద్య ముగియుటను చూచుకొనుట ప్రభుత్వమునకే విధింపబడిన బాధ్యత. 10వ సెక్షను బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల కర్తవ్యమని చెప్పినది; కాని చేర్పనివారికి శిక్ష నేదియు విధింపలేదు. గృహవిద్యను గూర్చి ఆ చట్టము ప్రత్యేకముగ ఏమియు చెప్పలేదు. 17వ సెక్షను పిల్లలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించుచున్నది. ఇట్టి చట్టమును క్రూరమనుట సాహసము.

అట్లయినచో మన తెలుగు పిల్లల మెడపై నున్న కాడి యెవరిది? ఆరవ తరగతి నుండియే ఐఐటీ పేరు చెప్పి, తెల్లవారకముందు లేపి, రాత్రి ప్రొద్దుపోవువరకు కూర్చుండబెట్టు వసతిగృహములను ఏ శాసనము కట్టించినది? ర్యాంకుల పట్టికలను గోడలపై అంటింపుమని ఏ ప్రభుత్వము ఆజ్ఞాపించినది? ఈ నిర్బంధమును కోరి, అప్పు చేసి, రుసుము చెల్లించి తెచ్చుకొన్నవారము మనమే. మన ప్రాంతమున బిడ్డను బంధించునది రాజశాసనము కన్న గృహస్థుని యాశయే. దోషము మన యింట పుట్టగా నేరమును చట్టముపై మోపుట తగునా?

గృహవిద్యను కోరువారు మొదట తేల్చుకొనవలసిన సంగతి యిదియే. వారు బడి నుండి బిడ్డను తప్పింపగోరుచున్నారా, లేక ర్యాంకు నుండియా? ర్యాంకు నాశించు తండ్రి బిడ్డను ఇంటికి తెచ్చుకొన్నచో బడి యొక్క బెత్తమును కూడ తెచ్చుకొన్నవాడగును. బడిలో సాయంకాలమున గంటయైనను మ్రోగును. ఇంట ఆ గంటయు మ్రోగదు.

ఇంటి చదువునకు గల గుణములను మేము కాదనము. బిడ్డ వేయు ప్రశ్నకు అప్పుడే బదులు చెప్పు తీరిక ఇంటికుండును. పాలవాని లెక్క, పెరటిలోని పాదులు, వంటయింటి తూకములు, అవ్వ చెప్పు కథలు ఇవన్నియు పాఠములు కాగలవు. మాతృభాష అచ్చట తలవంచుకొని నిలువదు. మన భాషలో స్త్రీల చరిత్రలను గూర్చి అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును రచించిన భండారు అచ్చమాంబ 1874లో పుట్టినది. ఆమె బడి మెట్లెక్కలేదు. చిన్ననాటనే పెండ్లియై, అత్తింట నుండగా, తన వద్ద నుండి చదువుకొనుచున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు తానును చదువుకొన్నది. ఆ యింటి చదువు తెలుగువారికొక చరిత్రకారిణి నిచ్చినది.

అయితే అచ్చమాంబ కథను గృహవిద్యకు ప్రశంసగా చెప్పుకొనువారు దానిలోని రెండవ సగమును మరువరాదు. ఆమె చదువునకు మూలము తమ్ముడు తెచ్చుకొన్న పుస్తకములు. తమ్ముడు లేని యక్కల గతి యేమి? తమ్ముడున్నను పుస్తకమును తాకనీయని యిండ్లలోని బాలికల గతి యేమి? అట్టివారి పేర్లు ఏ గ్రంథములోను లేవు.

దీనికి లెక్క లేకపోలేదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని యందలి పాఠశాలలను లెక్కింపుడని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. ఆ లెక్క ననుసరించి 12,498 బడులుండెను. మద్రాసు పట్టణములో ఇండ్లవద్దనే చదువుకొనువారు 26 వేలకు పైగా నున్నారని నివేదిక వచ్చెను. బడులలో చదువువారికంటె ఇది ఐదు రెట్ల వరకు ఎక్కువ యగుటచే ఈ సంఖ్యలో పొరపాటుండునని మన్రోయే శంకించెను. తెలుగును కన్నడమును మాటలాడు బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వారిలో బాలికలెందరు? 60 మంది. చదువు నంతను ఇంటి యిష్టమునకును, ఊరి యాచారమునకును విడిచిపెట్టిన నాటి ఫలమిది. ఆనాటి వీధిబడిని తలచి నిట్టూర్చువారు అచ్చటి కోదండమును, గోడకుర్చీని, తొడపాశమును కూడ తలచుకొనుట మంచిది. బాలికల కొరకు వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున పాఠశాలను పెట్టవలసివచ్చినది ఎందుచేత? ఇండ్లు ఆ పని చేయకపోవుట చేతనే.

నిర్బంధ విద్య మన దేశమున విధేయులను తయారుచేయగోరిన విదేశ ప్రభుత్వము బలవంతముగా తెచ్చిపెట్టినది కాదు. బరోడా ప్రభువు సయాజీరావు గాయకవాడు 1893లో అమ్రేలి ప్రాంతమునను, 1906లో తన రాజ్యమంతటను దానిని ప్రవేశపెట్టెను. గోపాలకృష్ణ గోఖలే 1911లో శాసనసభలో ప్రాథమిక విద్యా బిల్లును ప్రతిపాదింపగా, ఆ విదేశ ప్రభుత్వమే దానికి అడ్డుపడి 1912లో త్రోసివేయించెను. ఇచ్చట నిర్బంధ విద్యను కోరినవారు ప్రజా పక్షమువారు. పొలమునకు పోవు బాలుని, చెల్లెలిని చంకనెత్తుకొని తిరుగు బాలికను, ఏ గురువు ముంగిటను నిలువనీయబడని కులముల బిడ్డలను వారు తలచిరి. నీవు బడికి రావలెను అని శాసనము పలికిన మాట ఆ బాలికకు సంకెల కాదు. ఆమె తండ్రితోను, పొలము యజమానితోను చెప్పుకొనుటకు దొరికిన యొక సాకు. బలహీనునకు అట్టి సాకే బలము.

2020 మార్చిలో మహమ్మారి వచ్చి బడులన్నియు మూతపడినపుడు దేశమంతయు కొంతకాలము గృహవిద్యను బలవంతముగ పరీక్షించినది. పుస్తకములును, చదువుకొన్న తల్లియు, వేరొక గదియు గల యింట బిడ్డ కొంత లాభమే పొందెను. ఉన్న యొక్క ఫోనును తండ్రి పనికి తీసికొనిపోవు ఇంట చదువు నిలిచిపోయెను. ఇండ్లు సమానములు కావు. బడి యెంత చెడ్డదైనను ఈ యసమానతను కొన్ని గంటలసేపు గడప వెలుపల నుంచుటకు యత్నించును.

ఇంతవరకు తల్లిదండ్రుల మాటయు, ప్రభుత్వము మాటయు వింటిమి. బిడ్డ మాట యెవరు వినిరి?

గాంధీమహాత్ముని కథ యిచ్చట తలచుకొనదగినది. ఆయన 1897లో బిడ్డలతో దక్షిణాఫ్రికాకు చేరినపుడు, తెల్లవారి బిడ్డల బడులలో ప్రత్యేక కటాక్షము చేత తన కుమారులకు చోటు దొరికియుండును. ఇతర భారతీయుల బిడ్డలకు లేని వసతి తన బిడ్డలకు వలదని ఆయన యెంచెను. వారికి ఇంటనే, తీరిక చిక్కినపుడు తానే, చదువు చెప్పెను. ఆ సంకల్పము ఎంత పవిత్రమైనది! కాని తమకు క్రమమైన విద్య లేకపోయెనని కుమారులు కొరతపడిరి. ఆ సంగతిని ఆయనయే ఆత్మకథలో దాచక వ్రాసి, స్వేచ్ఛయు ఆత్మగౌరవమును బడి చదువుకంటె గొప్పవని సమాధానము చెప్పుకొనెను. పెద్దకుమారుడు హరిలాలు ఆ సమాధానముతో తృప్తి నొందలేదు. 1911లో, ఇరువది మూడేండ్ల ప్రాయమున, తండ్రిని విడిచి మెట్రిక్యులేషను చదువుటకై అహమ్మదాబాదునకు వచ్చెను. తండ్రి త్యాగము గొప్పదే. ఆ త్యాగమునకు మూల్యమును చెల్లించినది మాత్రము కుమారుడు. మహాత్ముని యింటనే ఇట్లు జరిగినచో మనబోంట్ల మాట చెప్పనేల?

అమెరికాలో ఆమిష్ అను మతశాఖవారు ఎనిమిదవ తరగతి తరువాత తమ పిల్లలను బడి మాన్పింపగా వ్యాజ్యము పుట్టినది. 1972లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తల్లిదండ్రుల పక్షమున తీర్పు చెప్పెను. కాని న్యాయమూర్తి డగ్లసు కొంతవరకు భిన్నాభిప్రాయమును ప్రకటించెను. తండ్రి హక్కును విచారించితిమి, రాష్ట్రము హక్కును విచారించితిమి, ఆ బిడ్డ యేమగుటకు కోరుచున్నదో అడిగితిమా? అని ఆయన ప్రశ్న యొక్క సారాంశము. మా మనస్సునకు ఈ వ్యవహారమునంతటను ఇంతకంటె సత్యమైన ప్రశ్న కానరాదు. ప్రభుత్వ పాఠశాలలపై అంత తీక్ష్ణముగ వ్రాసిన మిల్లు సైతము తండ్రి చేతనే ఇంట చదివింపబడి, మూడవయేటనే గ్రీకు నేర్చి, ఈడు పిల్లల యాటపాటలెరుగక పెరిగి, 1826లో, ఇరువదవయేట, తీవ్రమైన మనోవ్యధకు లోనయ్యెను.

బిడ్డ ప్రభుత్వమునకు సొత్తు కాదు. తల్లిదండ్రులకును సొత్తు కాదు. ఇరువురును ధర్మకర్తలు మాత్రమే. సొత్తు ఆ బిడ్డదే. అది పెరిగి పెద్దయై లెక్క అడుగునాడు ఒప్పజెప్పవలసినవారమే మనము. ఈ సూత్రము నంగీకరించినచో తక్కినది కష్టము కాదు. విద్యను శాసనము నిర్బంధించుట న్యాయము; బడి గోడలను మాత్రమే నిర్బంధించుట అంత న్యాయము కాదు. కావున గృహవిద్యకు తావుండవలెను. ఆ తావు కోరు గృహస్థులను మేము మూడు సంగతులు వేడుచున్నాము.

మొదటిది: బిడ్డకు తిరుగుదారిని మూయకుడు. పదునాలుగేండ్లు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. బిడ్డ బడికి పోయెదనన్న దినమున పోగలుగునంత చదువు ఎల్లప్పుడును చేతనుండవలెను. రెండవది: పరులచే పరీక్షింపజేయుడు. కాకిపిల్ల కాకికి ముద్దు. తన బిడ్డకు తానే గురువు, తానే పరీక్షకుడు అయినవాడు మోసపోవుట సులభము. ఆడపిల్లను పని కొరకు ఇంట నుంచి దానికి గృహవిద్య యని పేరు పెట్టువారిని పట్టుకొనుటకును ఇది యొక్కటియే సాధనము. మూడవది: మీ బిడ్డ విడిచివచ్చిన బడిని మీరు విడువకుడు. చదువుకొన్న తల్లిదండ్రులు తమ పిల్లలను తీసికొని తొలగిపోయినచో, ఆ బడిలో మిగిలిన కూలివాని బిడ్డ కొరకు ఉపాధ్యాయుని ప్రశ్నించువారెవరు? మీకు ఇంట చదువు చెప్పు తీరికయు జ్ఞానమును ఉన్నచో వారమునకు రెండు గంటలు ఆ బడి పిల్లలకును ఇండు. బడి చెడ్డదని మీరు చెప్పుచున్నది నిజమైనచో, ఆ చెడుగును భరించుటకు ఇతరుల బిడ్డలను అచ్చట విడిచివచ్చితిరన్నదియు నిజమే.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిరి. ఇంట గెలుచుటతోనే పని ముగిసినదని వారు చెప్పలేదు.