మూగజీవి సాక్ష్యం

నాయనా, ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఫార్మసీ ప్రయోగశాలలో ఎలుకను చేత పట్టుకున్నవాడా, సూది గుచ్చే ముందు క్షణం ఆగి విను. ఆ సూదిలోని స్ట్రెప్టోజోటోసిన్ దాని క్లోమంలో ఇన్సులిన్ పుట్టించే కణాలను చంపుతుంది. ఏ పాపమూ ఎరుగని ప్రాణికి మధుమేహాన్ని నీ చేత్తో తెచ్చిపెడుతున్నావు. వారాలు గడిచేకొద్దీ దాని కళ్లు తెల్లబారుతాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కమిటీ నీకు అనుమతి ఇచ్చి ఉండవచ్చు. అనుమతితో ఋణం తీరదు. ఆ ప్రాణి పలికిన సాక్ష్యాన్ని మార్చకుండా లోకానికి అప్పగించినప్పుడే కొంతైనా తీరుతుంది.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో సూర్యనారాయణ, కమలా కృష్ణస్వామి, భానుప్రకాశ్ రెడ్డి 2003లో ప్రకటించిన పనిని శ్రద్ధగా చదువు. గాలక్టోజ్ మేతతో ఎలుకలకు కంటి శుక్లం తెప్పించి, పసుపులోని కర్క్యుమిన్‌ను అదే మేతలో కలిపి చూశారు. 0.002 శాతం కలిపితే శుక్లం రావడమూ ముదరడమూ ఆలస్యమయ్యాయి. దానికి అయిదింతలు, అంటే 0.01 శాతం కలిపితే, రావడం కాస్త ఆలస్యమైనా ముదరడం మాత్రం త్వరపడింది. మేలు చేసిన వస్తువే మోతాదు పెరిగేసరికి ఎదురు తిరిగింది. ఆ రెండో ఫలితాన్ని వారు చెరిపివేయలేదు. 2005లో మధుమేహం తెప్పించిన ఎలుకలకు పసుపు, కర్క్యుమిన్ ఇచ్చినప్పుడు శుక్లం నెమ్మదించింది కాని రక్తంలో చక్కెర తగ్గలేదు. అదీ రాశారు. మన పాడేరు పసుపుకు ఎంత పేరున్నా, ఆ పేరు కోసం ఒక్క అంకెనైనా వంచే అధికారం ఎవరికీ లేదు. 2007లో అదే సంస్థవారు ఉసిరిని పరీక్షించారు. అక్కడా శుక్లం ఆలస్యమైంది.

ఇంకొకటి గుర్తుంచుకో. చక్కెరను సార్బిటాల్‌గా మార్చి కంటి కటకాన్ని ఉబ్బించే ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము ఎలుక కటకంలో మనిషికంటే చాలా ఎక్కువ. కాబట్టి ఎలుకలో గెలిచిన మూలిక మనిషిలో గెలిచినట్టు కాదు. పైగా శుక్లాన్ని శస్త్రవైద్యుడు తీసివేయగలడు. రెటీనా సంగతి వేరు. అక్కడి రక్తనాళాలు దెబ్బతిని, కొత్త నాళాలు మొలిచి, చిట్లి నెత్తురు కారితే, పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు. ఆ చివరి దశ ఎలుకలో సాధారణంగా రానే రాదు. రాని జబ్బును నీ మూలిక సారం ఆపిందని ఎలా అంటావు?

నీ మాట ప్రయోగశాల గోడల మధ్య ఆగదు. విశాఖ హార్బరులో క్రేను నడిపేవాడికి, ఉక్కు కర్మాగారంలో కరిగిన ఇనుము పక్కన నిలబడేవాడికి చూపే జీతం, చూపే ప్రాణరక్ష. అతడి చెవిన “కషాయంతో షుగరు కళ్లు బాగవుతాయట” అనే ముక్క మాత్రమే పడుతుంది. నొప్పి లేదు, అక్షరాలు కనిపిస్తున్నాయి, కషాయం తాగుతున్నాడు. ఇక డాక్టరెందుకు అనుకుంటాడు. రెటీనా జబ్బు తొలినాళ్లలో నొప్పి పెట్టదు, చూపు తగ్గించదు. అదే దాని క్రూరత్వం. నీ తొందరపాటు అతడి కళ్లలో ఏళ్ల తరవాత బయటపడుతుంది. అప్పటికి నీవు మరో మూలిక మీద మరో పరిశోధనలో ఉంటావు.

రేపు విలేఖరి వచ్చి నీ మొక్క మహిమ అడుగుతాడు. ఇది ఎలుకల్లో తేలినదని, ఇంత మోతాదులో మాత్రమేనని చెప్పు. టైప్ 2 మధుమేహం ఉందని తెలిసిన వెంటనే, ఆపై డాక్టరు చెప్పిన గడువుకు, కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలని, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉందని కూడా రాయించు. ఆ ముక్క అచ్చు వేయనంటే, మొక్క ఫొటో కూడా ఇవ్వకు.