ఉసిరి చెట్టుదాకా ఒక దారి

భగవద్గీత పారాయణకు ముందు చదివే ధ్యాన శ్లోకాల్లో ఒకటి పరమాత్మ దయను కీర్తిస్తుంది. ఆ దయ ఉంటే మూగవాడు మాట్లాడతాడట, కాళ్లు లేనివాడు కొండ దాటుతాడట. తరతరాలుగా చేతులు జోడించి చదువుతున్నాం. ఆ దయ ఎవరి చేతుల మీదుగా రావాలన్న ఆలోచన మాత్రం మనకు అరుదుగా కలుగుతుంది.

కార్తిక వనభోజనాలనే తీసుకోండి. ఉసిరి చెట్టు కింద పూజ, విస్తళ్లలో పులిహోర, పొద్దుగూకేదాకా కబుర్లు. ఊరంతా కదిలినట్టే ఉంటుంది. పక్షవాతం వచ్చిన పెదనాన్న, చిన్నప్పుడే పోలియో సోకిన అత్తయ్య, ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్న కుర్రాడు మాత్రం ఇంట్లోనే ఉండిపోతారు. ‘మీకు ప్రసాదం తెస్తాంలే’ అంటాం, ప్రేమగానే అంటాం. తోట గేటు నుంచి చెట్టుదాకా ఉన్న గతుకుల బాటే వాళ్లను ఆపిందని మనకు తట్టదు. ఎవరైనా వస్తామని పట్టుబడితే నలుగురు కలిసి కుర్చీతో సహా ఎత్తుకెళతారు. ఎత్తినవాళ్లకు పుణ్యం చేసుకున్నామన్న తృప్తి ఉంటుంది. కూర్చున్న మనిషి తల దించుకుని, ఇంకో ఏడాది ఆ ఊసెత్తకూడదనుకుంటాడు. అందుకే మోసుకెళ్లడంకన్నా దారి వేయడమే పెద్ద సేవ అని గట్టిగా నమ్ముతాను.

అమెరికాలో అప్పలాచియన్ ట్రయిల్ అనే కాలిబాట ఉంది. పద్నాలుగు రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. దాని బాగోగులు చూసేది చాలావరకు స్వచ్ఛంద సేవకులే. వారాంతాల్లో పారలు, రంపాలు పట్టుకుని అడవిలోకి వెళతారు. వెర్మాంట్ రాష్ట్రంలో, థండరింగ్ ఫాల్స్ అనే జలపాతం దగ్గర, నది పొంగితే మునిగే చిత్తడి నేల మీదుగా ఇదే బాటలో సుమారు 900 అడుగుల చెక్కవంతెన వేశారు. దాని మీద వీల్‌చెయిర్ సాఫీగా వెళుతుంది. నా మనసుకు బాగా హత్తుకున్నది ఏమిటంటే, అది పక్కన విడిగా వేసిన దారి కాదు. నెలల తరబడి నడిచి వచ్చే యాత్రికుడూ, చక్రాల కుర్చీలో వచ్చిన పెద్దావిడా అవే పలకల మీదుగా వెళతారు. గుళ్లో పంక్తి భోజనానికి ఉన్న పవిత్రత నాకు అక్కడ కనిపిస్తుంది.

ఇలాంటి దారికి శ్రద్ధ కావాలి. వీలైనంతవరకు ఇరవై అడుగుల దూరానికి ఒక అడుగుకు మించి ఎత్తు పెరగకూడదు. అంతకన్నా ఏటవాలుగా ఉన్నచోట, మధ్యమధ్య ఆగి చేతులకు విశ్రాంతినిచ్చే చదునైన జాగా ఉండాలి. వెడల్పు కనీసం మూడడుగులు. అమెరికా ప్రభుత్వం 2013లో ప్రకటించిన ప్రమాణాలు దాదాపు ఇవే. వాలు కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మన తాపీమేస్త్రీలు వాడే ట్యూబ్‌లెవెల్‌లో నీళ్లు నింపి, ఇద్దరు రెండు కొసలు పట్టుకుంటే అడుగు తేడా అక్కడే తెలిసిపోతుంది. మెత్తటి మన్ను తీసేసి కంకర పరచాలి. దానిపైన క్రషర్ డస్ట్ పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టాలి. వదులుగా ఉన్న ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. చెక్కపలకలు వేస్తే అడ్డంగా వేయాలి, సందు అర అంగుళం దాటకూడదు. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, అవి ఇరుక్కుంటే మనిషి ముందుకు పడిపోతాడు. ఆ అర అంగుళం కోసం పలకను మళ్లీ ఊడదీసి బిగించేవాడి చేతిలో నాకు జపమాలే కనిపిస్తుంది.

రామానుజాచార్యులు ఒక మంత్రార్థం కోసం తిరుక్కోష్టియూరుకు పద్దెనిమిది సార్లు తిరిగారని గురుపరంపర చెబుతుంది. ఎవరికీ చెప్పకూడదన్న నియమంతో చివరికి గురువు అనుగ్రహించారు. రామానుజులు మాత్రం గోపురం ఎక్కి అందరికీ వినిపించేలా చెప్పేశారు. తాను పడ్డ ప్రయాస ఇంకెవరూ పడనక్కర్లేదనుకున్నారు. ‘కష్టపడి ఎక్కితేనే దేవుడి దగ్గర ఫలం’ అనేవాళ్లకు నేను గుర్తుచేసేది ఈ కథే. ఎక్కగలిగినవాళ్లు మెట్లెక్కి మొక్కు తీర్చుకోవచ్చు, ఆ భక్తికి నమస్కారం. కానీ శరీరం సహకరించనివాడి ఎదుట మెట్లను పరీక్షగా నిలబెట్టే హక్కు మనకెవరిచ్చారు?

చట్టమూ ఇటే మొగ్గింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందరికీ అందుబాటు అన్నది సలహాగా మిగలకూడదని, తప్పనిసరి ప్రమాణాలు ఉండాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో క్షేత్రస్థాయి పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రమే.

కార్తికం రాకముందే ఒక ఆదివారం తోటకు వెళ్లండి. పారలు, గమేళాలు, దిమ్మిస పట్టుకెళ్లండి. కుర్చీలో తిరిగే మనిషిని మొదటి రోజే పిలవండి, దారి ఎటు తిరగాలో ఆయన్నే చెప్పనివ్వండి. ఎక్కడ చక్రం తడబడుతుందో మనకన్నా ఆయనకే తెలుసు. బరువు మోయలేని పెద్దలు నీళ్లు చల్లవచ్చు, పిల్లలు రాళ్లు ఏరవచ్చు. పని పూర్తయ్యాక పక్కనే నీరు పోయేందుకు చిన్న కాలువ తీయండి. మొదటి పెద్ద వాన వెలిశాక మళ్లీ వెళ్లి ఆ కాలువ పూడిందేమో, దారి కోసుకుపోయిందేమో చూసి రండి.